మెదడును తట్టే అయస్కాంతం

ఉదయం లేచి చొక్కా తొడుక్కొని బొత్తాలు పెట్టుకోవడం ఎవరికీ ఒక పనిగా తోచదు. కాని ఆ చిన్న పని వెనుక జరిగే సన్నాహం సామాన్యమైనది కాదు. బొత్తాన్ని పట్టుకోవాలన్న సంకల్పం మెదడు పైపొరలో రూపుదిద్దుకొంటుంది. అక్కడి నాడీకణాలు పంపిన ఆజ్ఞ వెన్నుపాములోకి దిగి, అక్కడి నుండి చాలక నాడుల ద్వారా చేతివేళ్ళకు చేరుతుంది. ఒక కండరం ముడుచుకొన్నప్పుడు దానికి ఎదురుగా ఉన్న కండరం అదే క్షణంలో సడలాలి. మోచేయి వంగాలంటే ముందువైపు కండరం బిగియాలి. వెనుకవైపు కండరం దారి ఇవ్వాలి. రెండూ ఒకేసారి బిగిసిపోతే చేయి వంగదు, చాచుకోదు, కొయ్యబారి నిలిచిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో అత్యధికులు నిత్యం ఎదుర్కొనే అవస్థ ఇదే. వారికి బొత్తాం పెట్టుకోవడం ఒక ఉదయమంతా సాగే పోరాటం.

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. గర్భంలో గాని, ప్రసవ సమయంలో గాని, పుట్టిన కొద్ది కాలానికి గాని ఎదుగుతున్న మెదడుకు కలిగిన దెబ్బ వలన కదలికలకు, శరీర భంగిమకు ఏర్పడే శాశ్వతమైన లోపమే ఈ స్థితి. సంపన్న దేశాలలో వెయ్యి సజీవ జననాలకు ఇద్దరికి లోపుగాను, పేద దేశాలలో అంతకంటే ఎక్కువగాను ఇది కనిపిస్తుంది. ఇందులో అనేక రకాలున్నప్పటికీ, ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిది మందిది కండరాలు బిగిసిపోయే రకం. వైద్యులు దీనిని స్పాస్టిక్ రకమంటారు. శరీరంలో ఒక పక్క చేయీ కాలూ మాత్రమే బిగిసిన వారు కొందరు. ముఖ్యంగా రెండు కాళ్ళూ బిగిసిన వారు కొందరు. కాళ్ళూ చేతులూ నాలుగూ పట్టుబడిన వారు మరికొందరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలలో తరచుగా కాళ్ళే ఎక్కువ దెబ్బతింటాయి. మెదడు నడుమ ద్రవంతో నిండిన గదులుంటాయి. కాళ్ళకు పోయే నాడీ తంతువులు ఆ గదుల గోడలకు అతి సమీపంగా సాగుతాయి. అకాల జననంలో ముందుగా గాయపడేది ఆ ప్రాంతమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. మాట తడబడినంత మాత్రాన, చొంగ కారినంత మాత్రాన బిడ్డకు బుద్ధి లేదని లోకం తీర్మానిస్తుంది. ఈ స్థితి గల వారిలో కొందరికి బుద్ధిమాంద్యం ఉండే మాట నిజమే. కాని లేనివారూ ఎందరో ఉన్నారు. ముంబాయికి చెందిన మాలినీ చిబ్ ఇందుకు నిదర్శనం. ఆమె తల్లి మీతూ ఆలూర్ 1972లో ఆ నగరంలో ఇటువంటి పిల్లల కోసం ఒక పాఠశాలను స్థాపించి, భారతీయ స్పాస్టిక్స్ సొసైటీకి పునాది వేశారు. మాలిని లండనులో రెండు స్నాతకోత్తర పట్టాలు పొంది, ఒక్క చిటికెనవేలితో అక్షరం అక్షరం కొట్టి తన జీవిత కథను గ్రంథంగా రాశారు. అది 2010లో వెలువడింది.

ఈ స్థితిని వైద్య శాస్త్రానికి స్పష్టంగా పరిచయం చేసినవాడు విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు. బాల్యంలో పోలియో సోకి పాదం వంకరపోయినవాడు కావడం చేత, వంకరపోయిన అవయవం పెట్టే బాధ అతనికి పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు. 1836లో జర్మనీకి వెళ్ళి స్ట్రోమయర్ అనే వైద్యుని చేత తన పాదాన్ని సరిచేయించుకొని, ఆ విద్యనే నేర్చుకొని లండనుకు తిరిగి వచ్చాడు. కష్టమైన ప్రసవానికీ, ఊపిరాడక పుట్టిన బిడ్డలకు తరువాత వచ్చే కండరాల బిగువుకూ సంబంధముందని 1861లో ఆయన ప్రతిపాదించాడు. చాలాకాలం దీనిని లిటిల్ వ్యాధి అని పిలిచేవారు. మనస్తత్వ శాస్త్రవేత్తగా పేరుమోసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదట నాడీ వైద్యుడన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన 1897లో ప్రచురించిన గ్రంథంలో, ప్రసవం కష్టం కావడమే బిడ్డలో ముందుగా ఉన్న లోపానికి సూచన కావచ్చునని వాదించాడు. నేటి పరిశోధనలు ఫ్రాయిడ్ వైపే ఎక్కువగా మొగ్గుతున్నాయి. ప్రసవ సమయంలో ఊపిరాడకపోవడం కొద్దిమంది విషయంలోనే కారణమనీ, అధికభాగం బిడ్డలలో అంతకు ముందే మెదడుకు కీడు జరిగి ఉంటుందనీ అవి తెలుపుతున్నాయి.

మెదడు దెబ్బతింటే కండరం చచ్చుబడాలి గాని బిగిసిపోవడమేమిటన్న సందేహం కలగడం సహజం. వైద్యుడు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు తనంతట తానే ఎగురుతుంది. కండరం హఠాత్తుగా సాగిందన్న వార్త వెన్నుపాముకు చేరడం, వెన్నుపాము మెదడును అడగకుండానే దానిని ముడుచుకొమ్మని ఆజ్ఞాపించడం ఇందుకు కారణం. ఇది అసంకల్పిత ప్రతీకార చర్య. ఆరోగ్యవంతుని మెదడు ఈ చర్యను ఎల్లప్పుడూ అదుపులో ఉంచుతుంది. అరకకు కట్టిన ఎద్దు చాలు తప్పకుండా రైతు చేతిలోని పగ్గం ఎలా నిలుపుతుందో, మెదడు నుండి దిగే సంకేతాలు వెన్నుపామును అలా నిలుపుతాయి. ఆ సంకేతాలు వచ్చే బాట దెబ్బతింటే పగ్గం తెగినట్లే. కండరం కొంచెం సాగినా వెన్నుపాము అతిగా స్పందిస్తుంది. బిడ్డ చేతిని మెల్లగా చాపితే కొంత లొంగుతుంది. వేగంగా చాపబోతే అంతకంతకు ఎదురు తిరుగుతుంది. వేగాన్ని బట్టి పెరిగే ఈ ప్రతిఘటనే ఈ బిగువు యొక్క అసలు లక్షణం.

మెదడులోని గాయం కాలక్రమంలో పెరగదు. కాని దాని ఫలితాలు పెరుగుతూనే ఉంటాయి. బిడ్డ ఎదుగుతున్నకొద్దీ ఎముకలు పొడవవుతాయి. బిగిసి ఉన్న కండరాలు ఆ వేగాన్ని అందుకోలేక పొట్టిగా మిగిలిపోతాయి. మడమ నేలకు ఆనదు. మునివేళ్ళ మీద నడక అలవాటవుతుంది. తొడలు ఒకదానినొకటి ఒరుసుకొని కాళ్ళు కత్తెరవలె అడ్డుపడతాయి. తుంటి కీలు తొలగిపోవచ్చు. ఆరేళ్ళ వయసులో చేయిపట్టుకొని నడిచిన బిడ్డ పదిహేనేళ్ళకు చక్రాల కుర్చీకి పరిమితమైన ఉదంతాలు తక్కువేమీ కావు. తల్లిదండ్రుల ఆరాటానికి, వైద్యుల తొందరకు కారణం ఇదే.

ఈ బిగువును తగ్గించడానికి మార్గాలు లేకపోలేదు. ఫిజియోథెరపీ అన్నింటికీ ఆధారం. పాదాలకు పట్టీలు, కట్లు వేస్తారు. బోట్యులినం అనే విషాన్ని అతి స్వల్ప పరిమాణంలో కండరంలోకి ఎక్కిస్తే కొన్ని నెలలపాటు బిగువు సడలుతుంది. బాక్లోఫెన్ అనే మందు వెన్నుపాము మీద పనిచేస్తుంది. వెన్నుపాములోకి వార్తలను తెచ్చే నాడీమూలాలలో కొన్నింటిని ఎంచి కత్తిరించే శస్త్రచికిత్స కూడా ఉంది. కండరాన్ని, నాడిని, వెన్నుపామును పట్టించుకొన్న ఈ పద్ధతులలో ఏదీ గాయపడిన మెదడును నేరుగా తాకదు. మూలం మెదడులో ఉండగా చికిత్స అంతా దిగువనే జరుగుతున్నదన్న అసంతృప్తి వైద్యులలో చాలాకాలంగా ఉన్నది. పుర్రెను తెరవకుండా, సూది గుచ్చకుండా మెదడును తాకడం సాధ్యమా అన్నది వారి ముందున్న ప్రశ్న.

మెదడు విద్యుత్తుకు స్పందిస్తుందని 1870లోనే రుజువైంది. బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క మెదడు పైపొరను స్వల్ప విద్యుత్తుతో తాకగా, దానికి ఎదురుపక్కనున్న కాళ్ళు కదిలాయి. ఆ విధంగా కదలికలను శాసించే ప్రదేశం, అంటే చాలక వల్కలం, వెలుగులోకి వచ్చింది. 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ అనే పరిశోధకులు పుర్రెను తెరవకుండానే తలపై నుండి విద్యుత్తును పంపి మనిషి చేతిని కదిలించగలిగారు. కాని పుర్రె ఎముక విద్యుత్తును సులభంగా పోనీయదు. దానిని దాటించడానికి అధిక వోల్టేజీ కావాలి. అప్పుడు నెత్తిమీది చర్మం, కండరాలు భరించరాని నొప్పి పుడతాయి. పెద్దలే ఓర్చుకోలేని దానిని పసిపిల్లలకు చేయడం ఊహకందని మాట.

దీనికి పరిష్కారం నూటయాభై సంవత్సరాలుగా భౌతికశాస్త్ర గ్రంథాలలోనే ఉంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ అందరూ చదివే పాఠమే. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో వాహకాన్ని ఉంచితే అందులో విద్యుత్తు పుడుతుంది. ఉప్పునీటి వంటి ద్రవాలతో నిండిన మెదడు కూడా ఒక వాహకమే. అయస్కాంత క్షేత్రానికి చర్మం, ఎముక అడ్డు కావు. ఫ్రాన్సులో దార్సొన్వాల్ అనే శాస్త్రవేత్త 1896లోనే తలను పెద్ద తీగచుట్టలో ఉంచితే కళ్ళముందు వెలుగులు మెరుస్తాయని ప్రకటించాడు. అయితే మెదడులోని ఒక నిర్దిష్ట స్థానాన్ని తట్టగల పరికరం రూపొందడానికి మరో తొంభై ఏళ్ళు పట్టింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు తీగచుట్టను నెత్తిమీద ఆనించి మీట నొక్కగానే ఎదురుపక్క చేతివేళ్ళు ఒక్కసారి అదిరాయి. నొప్పి లేదు. ఆనాటి నుండి ఈ పద్ధతి అయస్కాంత మస్తిష్క ప్రేరణగా వైద్య లోకంలో స్థిరపడింది.

యంత్రం నిర్మాణం చూడడానికి సరళంగానే ఉంటుంది. ఒక పెట్టెలో కెపాసిటర్ విద్యుత్తును కూడబెట్టుకొంటుంది. మీట నొక్కగానే వేల ఆంపియర్ల విద్యుత్తు తీగచుట్ట గుండా ప్రవహించి, సెకనులో వెయ్యోవంతు లోపే ముగిసిపోతుంది. ఆ లిప్తకాలంలో తీగచుట్ట దగ్గర ఒకటిన్నర నుండి రెండు టెస్లాల క్షేత్రం లేచి పడిపోతుంది. ఇది ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రంలోని క్షేత్రంతో పోల్చదగినది. తీగచుట్టను ఎనిమిది అంకె ఆకారంలో చుడితే రెండు వలయాలు కలిసే చోట ప్రభావం కేంద్రీకృతమవుతుంది. క్షేత్రం లోతుకు పోయేకొద్దీ త్వరగా క్షీణిస్తుంది కనుక రెండు మూడు సెంటీమీటర్లకు మించి ప్రభావం ఉండదు. చాలక వల్కలం అదృష్టవశాత్తు పైపొరలోనే ఉన్నది. ప్రతి స్పందనకూ తీగచుట్ట టపటపమని చప్పుడు చేస్తుంది. అందువల్ల చెవులలో దూది గాని, రబ్బరు బిరడాలు గాని పెడతారు.

జాతరలలో, బస్టాండు దుకాణాలలో అయస్కాంత కడియాలు, అయస్కాంత చాపలు అమ్మేవారు సర్వరోగ నివారిణి అని చెప్పడం కద్దు. ఇక్కడ చెబుతున్న పద్ధతికి వాటితో ఏ సంబంధమూ లేదు. కడియంలోని అయస్కాంత క్షేత్రం మారదు, బలహీనమైనది కూడా. మెదడులో విద్యుత్తును పుట్టించలేదు. నిజానికి వైద్యుని యంత్రంలో కూడా నాడీకణాన్ని మేల్కొలిపేది అయస్కాంతం కాదు, అది పుట్టించే విద్యుత్తే. అయస్కాంతం ఆ విద్యుత్తును ఎముక దాటించే వాహనం మాత్రమే.

ఒక్కసారి తడితే వేలు అదురుతుంది, అంతటితో సరి. కాని వరుసగా వందల సార్లు తడితే మెదడు స్వభావంలో కొంతసేపు నిలిచే మార్పు వస్తుందని తరువాతి సంవత్సరాలలో తేలింది. సెకనుకు ఒకటి చొప్పున, అంటే ఒక హెర్ట్జ్ వేగంతో తడితే ఆ ప్రదేశంలోని నాడీకణాల చురుకుదనం సాధారణంగా తగ్గుతుంది. సెకనుకు ఐదు అంతకు మించి తడితే పెరుగుతుంది. ఈ ప్రభావం ప్రేరణ ముగిసిన తరువాత కూడా కొన్ని నిమిషాలు మొదలు గంటవరకు ఉండవచ్చు. దీని ఆధారంగా మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు ఈ చికిత్సను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అనుమతించింది. తరువాత మరికొన్ని వ్యాధులకు అనుమతి లభించింది గాని, వాటిలో సెరిబ్రల్ పాల్సీ చేరలేదు. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లల విషయంలో ఇది ఇప్పటికీ పరిశోధన దశను దాటలేదు. ఈ సంగతిని గుర్తుంచుకొనే తక్కిన ఫలితాలను చదవాలి.

బిగువుతో బాధపడే బిడ్డ మెదడును మరింత ఉత్తేజపరచడం అగ్నికి ఆజ్యం పోయడం కాదా అనిపించవచ్చు. పగ్గం ఉపమానాన్ని గుర్తుచేసుకొంటే చిక్కు విడుతుంది. వెన్నుపామును అదుపు చేసే సంకేతాలు దిగివచ్చేది మెదడు పైపొర నుండే. గాయం తరువాత మిగిలిన కణాలను ఉత్తేజపరిస్తే అదుపు కొంత బలపడి, కింద బిగువు తగ్గవచ్చునని పరిశోధకుల ఊహ. ఈ ఊహను పరీక్షించిన తొలి ప్రయత్నాలలో ఒకటి బ్రెజిల్ పరిశోధకులు 2007లో ప్రచురించినది. కాళ్ళూ చేతులూ నాలుగూ బిగిసిన పదిహేడు మందిని వారు మూడు జట్లుగా చేశారు. వారి సగటు వయసు తొమ్మిదేళ్ళు. ఒక జట్టుకు ఒక హెర్ట్జ్, మరొక జట్టుకు ఐదు హెర్ట్జ్ వేగంతో ఐదు రోజులు ప్రేరణ ఇచ్చారు. మూడవ జట్టుకు ఇచ్చింది ఉత్తుత్తి ప్రేరణ. ఐదు హెర్ట్జ్ పొందిన పిల్లల చేతులను ఇతరులు వంచి చాపినప్పుడు కీళ్ళు మునుపటికంటే ఎక్కువ దూరం కదిలాయి. తక్కిన రెండు జట్లలో ఆ మార్పు లేదు. కాని బిగువును చేతితో అంచనావేసి అంకెలు వేసే ఆష్‌వర్త్ కొలమానంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక కొలతలో గెలిచి, మరొక కొలతలో నిలవని ఫలితమిది. తరువాతి కాలంలో దీనిని గొప్ప విజయంగా చెప్పుకొన్నవారు రెండవ సగాన్ని తరచుగా విడిచిపెట్టారు.

ఒక పక్క మాత్రమే దెబ్బతిన్న పిల్లల కథ వేరు. అది మరింత ఆసక్తికరమైనది కూడా. మెదడు కుడి సగం ఎడమ చేతిని, ఎడమ సగం కుడి చేతిని నడిపిస్తాయని అందరికీ తెలుసు. కాని పుట్టుకతోనే ఈ ఏర్పాటు ఉండదు. బ్రిటన్‌లోని న్యూకాజిల్ నగరంలో జానెట్ ఐర్ అనే వైద్యురాలు తన బృందంతో నవజాత శిశువులను అయస్కాంత ప్రేరణతో పరీక్షించారు. అప్పుడే పుట్టిన బిడ్డ మెదడులో ఒక సగాన్ని తడితే రెండు చేతుల కండరాలూ స్పందించాయి. అంటే ప్రతి సగం నుండి రెండు పక్కలకూ బాటలుంటాయన్నమాట. మొదటి రెండేళ్ళలో ఈ బాటల నడుమ పోటీ జరుగుతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న ఎదురుపక్క బాట స్థిరపడుతుంది. అదే పక్కకు పోయే బాట క్రమంగా వెనుకబడుతుంది. పొలం గట్టున నలుగురు నడిచే దారి నిలుస్తుంది, నడవని దారిని గడ్డి కప్పుతుంది.

మెదడులో ఒక సగం గాయపడిన బిడ్డ విషయంలో ఈ పోటీ న్యాయంగా జరగదు. గాయపడిన సగం పంపే సంకేతాలు బలహీనమైనవి. ఆరోగ్యంగా ఉన్న సగం తన రెండు బాటలనూ నిలుపుకొని, దెబ్బతిన్న చేతిని కూడా తానే ఆక్రమించుకొంటుంది. గాయపడిన సగంలో మిగిలి ఉన్న కాస్త శక్తి కూడా వాడుక లేక అణగిపోతుంది. ఇటువంటి పిల్లలలో కొందరు ఒక చేతితో గ్లాసు పట్టుకొంటే రెండవ చేయి కూడా తనంతట తానే ముడుచుకోవడం ఇందువల్లనే. ఐర్ పరిశోధన వలన చికిత్సకు ఒక కొత్త తర్కం ఏర్పడింది. గాయపడిన పక్కను ఉత్తేజపరచడానికి బదులు, పెత్తనం చేస్తున్న ఆరోగ్యకరమైన పక్కను కొంచెం నెమ్మదింపజేస్తే రెండవది తలెత్తుకోగలదేమో! ఇందుకు ఒక హెర్ట్జ్ వేగం సరిపోతుంది. ప్రమాదమూ ఇందులోనే ఉంది. దెబ్బతిన్న చేయి పూర్తిగా ఆరోగ్యకరమైన పక్క మీదనే ఆధారపడి ఉన్న బిడ్డలో, ఆ పక్కను నెమ్మదింపజేస్తే ఉన్న కదలిక కూడా పోవచ్చు. కాబట్టి బిడ్డ చేతిని ఏ సగం నడిపిస్తున్నదో ముందుగా తెలుసుకోవాలి. అది తెలుసుకోవడానికి పనికివచ్చేదీ ఈ యంత్రమే.

కెనడాకు చెందిన ఆడమ్ కిర్టన్ అనే పిల్లల నాడీ వైద్యుడు ఈ తర్కాన్ని ఆచరణలో పెట్టాడు. మెదడులో రక్తనాళం పూడుకొని ఒక పక్క పడిపోయిన పదిమంది పిల్లలపై చేసిన చిన్న పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఎనిమిది రోజులు అసలు ప్రేరణ పొందిన పిల్లల చేతి పట్టు, ఉత్తుత్తి ప్రేరణ పొందిన వారికంటే బలపడింది. ఆ తరువాత కాల్గరీ నగరంలో మరింత పెద్ద పరీక్ష జరిగింది. పుట్టుక సమయంలో మెదడుకు దెబ్బతగిలి ఒక చేయి బలహీనమైన నలభై ఐదుగురు, ఆరేళ్ళ నుండి పందొమ్మిదేళ్ళ వయసువారు, రెండు వారాల శిబిరంలో చేరారు. అందరికీ ప్రతిదినం ఆటపాటలతో కూడిన చేతి వ్యాయామాలు నేర్పారు. వారిని నాలుగు జట్లుగా చేసి, ఒక జట్టుకు అయస్కాంత ప్రేరణ ఇచ్చారు. ఒక జట్టులో మంచి చేతిని కట్టి ఉంచి, బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఒక జట్టుకు రెండూ. ఒక జట్టుకు వ్యాయామం తప్ప మరేదీ లేదు. ప్రేరణ పొందని వారికి కూడా తీగచుట్టను తలకు తాకించి చప్పుడు వినిపించారు. తమకు దక్కింది అసలుదో కాదో పిల్లలకు తెలియకుండా జాగ్రత్తపడ్డారు.

2016లో ప్రచురితమైన ఈ ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. వ్యాయామానికి అయస్కాంత ప్రేరణ గాని, చేతికట్టు గాని, రెండూ గాని తోడైన జట్లలో చేతి పనితీరు చెప్పుకోదగినంత మెరుగుపడే అవకాశం దాదాపు రెట్టింపైంది. ఆరు నెలల తరువాత కూడా ఎక్కువ లాభం రెండూ పొందినవారికే నిలిచింది. మంచి చేతికి ఏ హానీ కలగలేదు. ఇవి సంతోషకరమైన సంగతులు. అయితే శిబిరానికి వచ్చేటప్పుడు ప్రతి బిడ్డా తాను సాధించదలచిన పనులేవో చెప్పుకొన్నాడు. బూటు లేసు ముడివేయడం వంటి కోరికలవి. వాటిని ఎంతవరకు సాధించానని పిల్లలు తమకు తాము వేసుకొన్న మార్కులు నాలుగు జట్లలోనూ పెరిగాయి. ఏ యంత్రమూ తాకని జట్టులో కూడా పెరిగాయి. రెండు వారాలు పట్టుదలగా చేసిన సాధన తనంతట తాను ఎంత చేయగలదో దీనివల్ల తెలిసింది. యంత్రం మెదడును కొంతసేపు నేర్చుకోవడానికి అనువుగా ఉంచగలదు గాని, నేర్చుకోవలసింది మాత్రం బిడ్డ చేయే.

భారతదేశంలో కూడా ఈ దిశగా కృషి జరిగింది. ఢిల్లీలోని ఉడాన్ అనే దివ్యాంగుల సేవాసంస్థ, షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి స్పాస్టిక్ రకపు పిల్లలకు ఫిజియోథెరపీతో పాటు వేగవంతమైన ప్రేరణ ఇచ్చి, 2016 నుండి తమ ఫలితాలను ప్రచురించారు. కండరాల బిగువు తగ్గిందనీ, కూర్చోవడం, నిలబడడం వంటి కదలికలలో ప్రగతి కనిపించిందనీ వారు నివేదించారు. పేద కుటుంబాల పిల్లలు చేరే చోట ఇటువంటి పరిశోధన జరగడం అభినందనీయం. కాని ఈ రంగంలో వచ్చిన అధ్యయనాలలో చాలావాటికి ఉన్న పరిమితి తక్కువ సంఖ్యలో పిల్లలను తీసుకోవడం. ఉత్తుత్తి ప్రేరణతో పోల్చి చూడనివి కూడా వాటిలో ఉన్నాయి.

ఉత్తుత్తి ప్రేరణ పిల్లలను మోసగించడం కదా అని కొందరు బాధపడతారు. దాని అవసరాన్ని తల్లిదండ్రుల స్థానంలో నిలబడి చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఖరీదైన యంత్రం ముందు బిడ్డను కూర్చోబెట్టి, నెల రోజులు పనులు మానుకొని తిరిగిన తల్లి, బిడ్డ చేయి ఏ కొంచెం కదిలినా అది చికిత్స మహిమ అనే అనుకొంటుంది. వైద్యుని కన్ను కూడా ఆశకు అతీతమైనది కాదు. పైగా పిల్లలు ఎదుగుతుంటారు. ఏ చికిత్సా లేకున్నా ఆరు నెలలలో కొంత నేర్చుకొంటారు. బిగువు కూడా ఒక రోజు ఉన్నట్లు మరొక రోజు ఉండదు. జ్వరం వస్తే, భయం వేస్తే పెరుగుతుంది. ఒడిలో వెచ్చగా పడుకొన్నప్పుడు తగ్గుతుంది. వీటన్నింటి నుండి యంత్రం చేసిన మేలును వేరుచేయాలంటే పోల్చి చూడడం తప్ప దారి లేదు. లోపల ఉద్దేశించి తెలిపే అనుమతి పత్రాలలో ఈ విషయాన్ని ముందే వివరించి, తల్లిదండ్రుల సంతకం తీసుకొంటారు. పరీక్ష ముగిసిన తరువాత ఉత్తుత్తి జట్టువారికి అసలు చికిత్స ఇచ్చే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంటుంది.

ప్రమాదాల విషయానికి వస్తే, ఎక్కువగా కనిపించేవి తలనొప్పి, నెత్తిమీద కొద్దిపాటి బాధ. అరుదుగా మూర్ఛ రావచ్చు. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో మూర్ఛ వ్యాధి ముందునుండే ఉన్నవారు చాలామంది కనుక ఈ హెచ్చరికను తేలికగా తీసుకోరాదు. తలలో లోహపు ముక్కలు, చెవిలో అమర్చిన శ్రవణ యంత్రం ఉన్నవారికి ఈ ప్రేరణ తగదు. తలలో నీరు తీయడానికి అమర్చిన గొట్టానికి అయస్కాంతంతో సరిచేసే కవాటం ఉంటే అది కూడా చెదిరిపోవచ్చు. ప్రకటనలలో ఈ మాటలు కనబడవు. నూటికి నూరుపాళ్ళు నయమవుతుందని, ఇన్ని రోజులలో నడిపిస్తామని వాగ్దానం చేసేవారి దగ్గర బిడ్డ వయసు, మూర్ఛ చరిత్ర, చేతిని నడిపించే మెదడు సగం ఏదన్న పరీక్ష, చికిత్స తరువాత చేయించే వ్యాయామం గురించి అడిగితే వారి విద్య ఎంతటిదో తెలిసిపోతుంది. బిడ్డ కోసం ఎక్కని గడప, మొక్కని దేవుడు లేని కుటుంబాలు పొలం అమ్మి ఆ సొమ్మును తెచ్చేది ఇటువంటి వాగ్దానాలను నమ్మే.

ఇప్పుడు పరిశోధకుల దృష్టి మరింత చిన్న పిల్లల వైపు మళ్ళుతున్నది. బాటల మధ్య పోటీ మొదటి రెండేళ్ళలోనే ముగుస్తున్నదని తెలిసిన తరువాత ఆరేళ్ళు వచ్చేదాకా ఆగడంలో అర్థం లేదు. పుట్టుకలోనే మెదడు గాయపడిన ఏడాదిలోపు శిశువులను ఒక్కొక్క స్పందనతో పరీక్షించవచ్చునని, అందువల్ల వారికి హాని కలగలేదని అమెరికా పరిశోధకులు 2019లో ప్రకటించారు. అది చికిత్స కాదు. ఏ బాట ఇంకా సజీవంగా ఉన్నదో తెలుసుకొనే ప్రయత్నం మాత్రమే.

తెలుగు నేలపై ఆ తొలి రెండేళ్ళు చాలామంది బిడ్డలకు చేజారిపోతున్నాయి. మెడ నిలవకపోతే, మూడు నెలలకు పిడికిలి విప్పకపోతే, ఏడాదిలోపే ఒక చేతినే వాడుతుంటే ఇంట్లో పెద్దలు కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారని సర్దిచెబుతారు. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో ఫిజియోథెరపీ లభిస్తుంది. సెరిబ్రల్ పాల్సీని 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండూ గుర్తించాయి. ఈ కేంద్రాలలో పని జరిగేది చాప మీద. ఫిజియోథెరపిస్టు బిడ్డ మడమను అరచేతిలో పట్టుకొని మెల్లగా వంచి, కొంతసేపు అలాగే ఉంచి, మళ్ళీ వదిలి, తల్లి చేత అదే చేయించి చూస్తాడు. ఇంటికి వెళ్ళిన తరువాత రోజూ ఆ పని చేయవలసింది ఆమే కనుక, ఆమె చేతికి అది వచ్చేవరకు విడిచిపెట్టడు.